జవాబు వచ్చేదాకా

మా టీచర్ గారు పోయారన్న కబురు నాకు కరస్పాండెంట్ గారి ఫోన్ నుంచే వచ్చింది. మా కాన్వెంట్ వాట్సాప్ గ్రూపులో, పూలదండ బొమ్మ మధ్యలో ఆవిడ ఫొటో ఉంచి, "ప్రభువునందు నిద్రించారు. మా పాఠశాల కుటుంబానికి తీరని లోటు" అని రాశారు. గుంటూరు బ్రాడీపేటలో మా హాస్టల్ మెట్ల మీద నిలబడి చదివాను. ఆరేళ్ళ క్రితం ఆవిడని ఆ పాఠశాల కుటుంబంలోంచి వెళ్ళగొట్టిన వీడియో కూడా ఇదే నంబరు నుంచి ఇదే గ్రూపులోకి వచ్చింది. అప్పుడు నాన్న ఫోన్లో చూశాను. ఫొటో కింద దండం పెట్టే చేతుల బొమ్మలు వరసగా పడుతున్నాయి. నేనేమీ పెట్టలేదు. బస్సెక్కాను.

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు మెత్తగా రాయాలంటారు. ఆవిడ గురించి మెత్తగానే రాస్తాను. మిగతాది కోపంతో రాస్తున్నాను. చదివేవాళ్ళకి ఆ సంగతి ముందే తెలియడం న్యాయం.

మాది పర్చూరు నుంచి లోపలికి వెళ్ళాల్సిన ఊరు. మా వైపు ఇంగ్లీషు మీడియం బడి ఏదైనా కాన్వెంటే. మా కాన్వెంట్లో సిస్టర్లు ఎవరూ లేరు. మా చర్చి సంఘ పెద్దే దానికి కరస్పాండెంట్. ఆదివారం రొట్టె పళ్ళెం పట్టుకుని చర్చి వరసల మధ్య నడిచేవారు. సోమవారం బెత్తం పట్టుకుని వరండాలో నడిచేవారు. రెండుచోట్లా ఒకటే నడక.

టీచర్ గారు మాకు బయాలజీ చెప్పేవారు. మంగళగిరి నూలు చీరలు, సన్న అంచువి, కట్టేవారు. చాక్‌పీసు చుట్టూ కాగితం ముక్క చుట్టి పట్టుకునేవారు. హాజరు పిలిచేటప్పుడు పలకని పేరు దగ్గర ఆగి, "మిరప కోతలకా?" అని అడిగేవారు. మర్నాడు ఆ పిల్లలు వస్తే, "చేతులు మండుతుంటాయి, ఇవాళ వీళ్ళు రాయక్కర్లేదు, వింటే చాలు" అనేవారు. కోతకి వెళ్ళివచ్చిన వేళ్ళు ఎలా మండుతాయో ఆవిడకి తెలుసు. చిన్నప్పుడు ఆవిడా వెళ్ళారు.

ఆవిడ క్లాసులో ఒక నియమం ఉండేది. మిగతా క్లాసుల్లో నిలబడడం శిక్ష. ఆవిడ క్లాసులో అది హక్కు. "ప్రశ్న అడిగినవాళ్ళు జవాబు వచ్చేదాకా కూర్చోకూడదు. కూర్చుంటే నేను మర్చిపోతాను, మీరూ మర్చిపోతారు" అనేవారు.

నేను నోరు విప్పని పిల్లని. తొమ్మిదో తరగతి సగం గడిచాక గానీ లేవలేదు. "టీచర్, మా నాన్న ఎన్నిసార్లు మందు కొట్టినా పత్తిలో పురుగు చావట్లేదు. ఎందుకని?" అన్నాను. ఆవిడ పుస్తకం మూసేశారు. జవాబు మొదలయ్యేలోపే బెల్లు కొట్టారు. హిందీ మేడమ్ లోపలికి వచ్చి నన్ను చూసి, "ఏం తప్పు చేసిందండీ ఈ పిల్ల?" అన్నారు.

"తప్పు కాదండీ, ప్రశ్న. సాయంత్రం దాకా నా పూచీ మీద కూర్చోనివ్వండి" అన్నారు టీచర్ గారు.

ఆ సాయంత్రం నిజంగానే మా చేనికి వచ్చారు. నాన్న కౌలు రైతు. కంగారుపడి భుజం మీది తువ్వాలు తీసి గట్టు దులిపాడు.

"పురుగు మందుకి అలవాటు పడిపోయిందండీ" అన్నాడు నాన్న.

"ఏ పురుగూ అలవాటు పడలేదు బాబూ. నువ్వు కొట్టిన మందుకి చచ్చేవి చచ్చాయి. వెయ్యిలో ఎక్కడో ఒకటో రెండో చావనివి పుట్టి ఉన్నాయి. అవి మిగిలాయి. ఇవన్నీ వాటి పిల్లలు."

నాన్న తువ్వాలు మళ్ళీ భుజాన వేసుకున్నాడు. "అంటే కొట్టీ కొట్టీ నేనే గట్టి పురుగుల్ని ఏరి పెంచానంటారా?"

"నువ్వొక్కడివే కాదులే, ఊరంతా."

"అమ్మ దొంగ మందూ!" అని నాన్న పడీపడీ నవ్వాడు. మర్నాడు పురుగుమందుల కొట్టు దగ్గర అందరికీ ఆ పాఠం తనే చెప్పాడు. పరిణామం అన్న మాట నేను పుస్తకంలో చదవకముందే మా చేనిగట్టు మీద విన్నాను.

పుస్తకంలో ఆ పాఠం పదో తరగతిలో వచ్చింది. కరస్పాండెంట్ గారు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి, "మార్కులకి చదివించండి మేడమ్. నమ్మించకండి" అన్నారు. వరండాలో ఉన్న మా అందరికీ వినపడింది. టీచర్ గారు తలూపి క్లాసుకి వచ్చి, మామూలుగానే పాఠం చెప్పారు. ఆవిడకి దేవుడి మీద నమ్మకం గట్టిది. ప్రార్థన చేయకుండా చాక్‌పీసు ముట్టేవారు కాదు. "దేవుడు తొందరపడే రకం కాదమ్మా. తొందర మనకి" అనేవారు.

ఒక శనివారం మధ్యాహ్నం ల్యాబులో కిటికీలు మూసి మాకు ఒక సినిమా చూపించారు. అమెరికాలో ఎప్పుడో ఈ పాఠం చెప్పినందుకు ఒక మేష్టారిని కోర్టుకి ఈడ్చారట. దాని మీద నాటకం వచ్చింది, నాటకాన్ని తెర మీదికి ఒకసారి కాదు, చాలాసార్లు తెచ్చారు. ఆవిడ కాలేజీ రోజుల్లో గుంటూరులో చూసిన నలుపు తెలుపు సినిమా ముందు వేశారు. మరో వారం, తర్వాతెప్పుడో టీవీకి తీసిన రంగుల సినిమా. మాకు ఆ ఇంగ్లీషు సగం అర్థం కాలేదు. ఆవిడ ఆపి ఆపి తెలుగులో చెప్పారు. కోర్టు హాల్లో జనం ఉక్కపోతకి విసనకర్రలతో విసురుకుంటుంటే, ల్యాబులో మేమూ నోటు పుస్తకాలతో విసురుకున్నాం.

రెండోది అయ్యాక, "ఏం తేడా చూశారు?" అని అడిగారు. రంగు అన్నారు ఒకరు. లాయర్ లావు అన్నారు ఇంకొకరు. ఆవిడ నవ్వారు.

"ఎవరు తీసినా కెమెరా లాయర్ల ముఖాల మీదే తిరుగుతుందర్రా. పెద్ద నటులు కదా, మరి. అసలు ఆ పాఠం విన్నది పిల్లలు. వాళ్ళకేం అర్థమైందో కాసేపు అడిగి పంపించేస్తారు. మనం వేద్దాం ఒక కోర్టు నాటకం. మన ఊళ్ళో జరిగినట్టు, మన పత్తి పురుగుతో. తీర్పు చెప్పేది పిల్లలు."

స్కూలు వార్షికోత్సవానికి ఆ నాటకం ఆవిడే రాశారు. బోనులో నిలబడే టీచర్ వేషం నాకిచ్చారు. నాకు గొంతు లేదని అందరూ నవ్వారు. నేనూ వద్దన్నాను. "అరిచేవాళ్ళు లాయర్లకి సరిపోతారు. బోనులోకి నిలబడడం వచ్చినవాళ్ళు కావాలి. నీకు వచ్చు" అన్నారు.

ఒకరోజు రిహార్సల్‌కి ప్రాసిక్యూటర్ వేషం వేసే అబ్బాయి రాలేదు. ఆ మాటలు టీచర్ గారే చదివారు. నా స్నేహితురాలు కెజియా వాళ్ళమ్మ ఫోన్ దొంగతనంగా తెచ్చి, మేమెలా నిలబడ్డామో మాకే చూపిద్దామని వీడియో తీసింది. ఆ నాటకంలో ప్రాసిక్యూటర్ బోనులో ఉన్న టీచర్‌ని గద్దిస్తాడు. "దేవుడు లేడని చెప్పు! ఏం, నోరు రావట్లేదా? లేడని చెప్పు!" టీచర్ గారు బల్ల గుద్ది మరీ గద్దించారు. బాగా చేశారు. దానికి జవాబు నాది. వణికిపోతూ చెప్పాను. అయినా చెప్పాను.

సాయంత్రం ఆ ఫోన్ ఆఫీసువాళ్ళకి దొరికిపోయింది. కరస్పాండెంట్ గారు కెజియాని ఎదురుగా నిలబెట్టి వీడియో మొదటి నుంచి చివరిదాకా చూశారు. నా జవాబు దగ్గర "పర్లేదే, ఈ మూగపిల్ల కూడా మాట్లాడుతోందే" అని నవ్వారట. కెజియా బయటికొచ్చి సంతోషంగా చెప్పింది. ఇది గుర్తుంచుకోవాలి. ఆయన మొత్తం చూశారు.

ఫోన్ వాళ్ళమ్మకి తిరిగిచ్చేసరికి అందులో వీడియో లేదు. మూడో రోజున గ్రూపులోకి దాని ముక్క వచ్చింది. మా టీచర్ గారు బల్ల గుద్ది, ఎదురుగా వణుకుతున్న ఒక ఆడపిల్లతో "దేవుడు లేడని చెప్పు!" అంటున్నారు. అక్కడితో అయిపోతుంది. "మన పిల్లలకి ఏం నేర్పిస్తున్నారో చూడండి. ప్రార్థించండి" అని కింద ఆయన మాట. ఆ నాటకాన్ని తెర మీదికి తెచ్చినవాళ్ళలో మా కరస్పాండెంట్ గారు కూడా ఒకరన్నమాట. అందరికంటే తక్కువ ఖర్చుతో తీశారు.

ఎందుకు చేశారో తర్వాత తెలిసింది. స్టాఫ్‌కి సెలవుల జీతం ఎందుకివ్వరని ఆవిడ ఆ నెలలోనే మీటింగులో లేచి అడిగారు. అడిగి, అలవాటు ప్రకారం, కూర్చోలేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక సంఘ కూటం పెట్టారు. ఆవిడని ముందుకి పిలిచి క్షమాపణ చెప్పమన్నారు.

"మొత్తం వీడియో వేయండి. అది చూశాక కూడా తప్పనిపిస్తే మోకాళ్ళ మీద అడుగుతాను క్షమాపణ" అన్నారు టీచర్ గారు.

"వీడియోలు వేయడానికి ఇది సినిమా హాలు కాదమ్మా" అన్నారాయన. కొందరు నవ్వారు.

నేను ఆడవాళ్ళ వైపు నుంచి లేచాను. "దాని తర్వాత మాట నాదండీ. నేను చెప్తాను" అన్నాను.

"కూర్చో పాపా. పెద్దవాళ్ళం మాట్లాడుకుంటున్నాం."

అమ్మ నా చెయ్యి పట్టి లాగింది. కూర్చోబెట్టింది.

మా సంఘంలో ప్రతి నెలా మొదటి ఆదివారం, యేసు చివరి భోజనానికి గుర్తుగా, ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కల పళ్ళెం, ద్రాక్షరసం చిన్న గ్లాసుల పళ్ళెం పెద్దలు వరస మొదట్లో అందిస్తారు. చేతులు మారుతూ వరస చివరికి వెళ్ళి వాళ్ళ దగ్గరికే తిరిగొస్తాయి. తప్పు చేశారనుకున్నవాళ్ళకి, ఒప్పుకునేదాకా బల్ల ఆపేస్తారు. బడిలో ఉద్యోగం తీసేయడానికి ఆయనకి ఒక కాగితం చాలింది. బల్ల ఆపేయడానికి ఆ ముక్క వీడియో చాలింది.

ఆవిడ చర్చి మానేస్తారనుకున్నారు అందరూ. ఆయనా అదే అనుకుని ఉంటారు. ఆవిడ ప్రతి మొదటి ఆదివారం వచ్చారు. ఆడవాళ్ళ వైపు చివరి వరసలో, కిటికీ పక్కన కూర్చునేవారు. మొదట్లో పక్కవాళ్ళు ఆవిడ దాకా రానివ్వకుండా పళ్ళెం వెనక్కి తిప్పేసేవారు. ఆవిడ ఊరుకోలేదు. తనే అందుకుని, తను తీసుకోకుండా, పక్కవాళ్ళకి అందించేవారు. ఒక్క చుక్క తొణకకుండా. ఆరేళ్ళు అలా వడ్డించారు, తనకి లేని భోజనాన్ని.

స్కూల్లో ఉద్యోగం పోయాక వాళ్ళ వసారాలో ట్యూషన్ చెప్పేవారు. అక్కడా అదే నియమం, అదే చాక్‌పీసు. ఒకసారి నేను వెళ్ళేటప్పటికి వాళ్ళ చెల్లెలితో కలిసి కల్లంలో మిరపకాయలు తిరగేస్తున్నారు. నేను ఏడ్చాను. ఆయన్ని ఏదో ఒకటి చెయ్యాలని ఉందన్నాను. క్షమించమంటారనుకున్నాను. ఆవిడ అనలేదు. ఒక కాయ తీసి విరిచి చూపించారు. లోపల తెల్లగా బూజు.

"తడి ఆరకుండా బస్తాకెత్తితే ఇదే గతి. కోపం కూడా అంతేనే. పచ్చిది దాస్తే నిన్నే కుళ్ళబెడుతుంది. ఎండబెట్టుకో. ఎండితే ఘాటు ఎక్కడికీ పోదు. నిలవుంటుంది."

"ఎన్నాళ్ళు ఎండబెట్టాలి టీచర్?"

"పట్టుకుంటే గలగలలాడాలి" అన్నారు, ఇంకో దోసెడు కాయలు తిరగేస్తూ.

పోయిన రోజు టీచర్ గారు పొద్దున్నే కాఫీ తాగి, కుర్చీలో వెనక్కి వాలి, అలాగే వెళ్ళిపోయారట. నేను వెళ్ళేసరికి జనం రోడ్డు దాకా ఉన్నారు. ఆవిడ చదువు చెప్పినవాళ్ళు ఒంగోలు నుంచీ గుంటూరు నుంచీ వచ్చారు. అంతమందిని చూసే కరస్పాండెంట్ గారు సమాధుల తోటలో మంచి చోటు ఇప్పించారని నా నమ్మకం. జ్ఞాపకార్థ కూటానికి బడి ఖర్చుతోనే ఫ్లెక్సీ కట్టించారు. అందులో ఆవిడ ఫొటో కంటే ఆయన ఫొటో పెద్దది.

ఆ కూటంలో మైకు ముందు ఆయన మాట్లాడారు. గొంతు కూడా బొంగురుపోయింది.

"మన సోదరి ఒకప్పుడు దారి తప్పిన మాట నిజమే. కానీ చివరి రోజుల్లో నా దగ్గరికి వచ్చి, కన్నీళ్ళతో తన తప్పు ఒప్పుకుంది. నేను మనస్ఫూర్తిగా క్షమించాను. ఆమె పేరున మన బడిలో ఏటా సైన్సు బహుమతి ఇస్తాం."

ముందు వరసలో టీచర్ గారి చెల్లెలు తలెత్తి చూసింది. ఆ చెల్లెలి ముఖం చూశాక నాకు ఇంకెవరినీ అడగాల్సిన పని లేకపోయింది. ఆరేళ్ళు బల్లకి దూరంగా కూర్చున్న మనిషి దగ్గర్నుంచి, ఆ ఆరేళ్ళు కూడా తీసేసుకుంటున్నారు. చనిపోయాక ఒప్పిస్తున్నారు.

మా దగ్గర జ్ఞాపకార్థ కూటంలో పోయినవాళ్ళ గురించి ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పొచ్చు. లేచినవాళ్ళని మధ్యలో ఆపడం మర్యాద కాదు. నేను లేచాను.

"రామ్మా, మైకు దగ్గరికి రా" అన్నారు పాస్టర్ గారు. ఈమధ్యే వచ్చిన కుర్ర పాస్టర్.

"ఇక్కడి నుంచే చెప్తానండి." నా గొంతు నాకే సన్నగా వినిపించింది. "టీచర్ గారు ఏ రోజు వచ్చి తప్పు ఒప్పుకున్నారండీ?"

కరస్పాండెంట్ గారు నావైపు చూశారు. "నువ్వు... ఆ నాటకంలో పిల్లవి కదూ? ఇప్పుడవన్నీ ఎందుకమ్మా?"

"ఎవరెదురుగా ఒప్పుకున్నారండీ?"

"దేవుడెదురుగా."

"ఆ వీడియోలో నా మాట కోసేశారండీ. అది చెప్పి, మీ జవాబు కోసం నిలబడతాను. టీచర్ గారు 'దేవుడు లేడని చెప్పు' అని గద్దించింది ప్రాసిక్యూటర్ వేషంలో. దానికి ఆవిడే రాసిచ్చిన జవాబు ఇది." గుక్క తిప్పుకున్నాను. "చెప్పనండి. ఉన్నాడనే చెప్తాను. ఆయన తొందరపడలేదని కూడా చెప్తాను. ఈ రెండు మాటలూ ఒక్క నోటితో చెప్పడం నేరమైతే, శిక్ష వేయండి."

వెనకెక్కడో ఒక ముసలావిడ అలవాటుగా "ఆమేన్" అంది.

"సరే, విన్నాం. కూర్చో పాపా" అన్నారాయన. ఆరేళ్ళ తర్వాత కూడా అదే మాట. ఈసారి అమ్మ నా చెయ్యి పట్టుకోలేదు.

కెజియా లేచింది. "నాదీ అదే ప్రశ్నండీ. ఫోన్ మా అమ్మది. మీరు ఆఫీసులో మొత్తం చూశారు కదా సార్? నవ్వారు కూడాను. నేనక్కడే ఉన్నాను."

ఆ తర్వాత ఇంకొకరు లేచారు. నాటకంలో తీర్పు చెప్పాల్సిన పిల్లలు, ఇప్పుడు పెద్దవాళ్ళు, ఇక్కడొకరు అక్కడొకరు లేచారు. ఆయన గడియారం చూసుకున్నారు. పాస్టర్ గారు కంగారుగా, "ప్రార్థన చేసుకుందాం, అందరూ లేచి నిలబడండి" అన్నారు. చర్చి మొత్తం లేచింది. ప్రార్థన అయ్యాక అందరూ కూర్చున్నారు. మేము కూర్చోలేదు.

ఆయన జవాబు చెప్పలేదు. పక్క తలుపులోంచి భోజనాల ఏర్పాట్లు చూడడానికని వెళ్ళిపోయారు. షామియానా కింద బిర్యానీ వడ్డిస్తుంటే కూడా మేం నిలబడే ఉన్నాం. టీచర్ గారి చెల్లెలు ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"తినవే. అక్కే ఉంటే నిలబడి తినమనేది" అంది.

తర్వాత పాస్టర్ గారు మా ఇంటికి వచ్చారు. ఆయన మంచివాడు. మొదటి ఆదివారం మీరందరూ బల్ల తీసుకోకూడదనుకుంటున్నారని విన్నానన్నారు. పగ తీర్చుకోవడానికి బల్లని వాడుకోకూడదమ్మా అన్నారు. నిజమేనండీ, ముందు వాడుకున్నవాళ్ళకి కూడా ఆ మాట చెప్పి రండి అన్నాను. నాన్న కాఫీ ఇచ్చాడు. "పగ కాదండీ, ప్రశ్న" అన్నాడు నాన్న. నాకు మాత్రం తెలుసు, అది రెండూ. నేను దాచుకున్నది ఎండింది. పట్టుకుంటే చప్పుడు చేస్తోంది.

నాకు కావలసింది పెద్దదేం కాదు. ఆయన అదే మైకు ముందు నిలబడి, ఆవిడ ఏ తప్పూ చేయలేదు, ఏ తప్పూ ఒప్పుకోలేదు అని చెప్పాలి.

మొదటి ఆదివారం గుంటూరు నుంచి పొద్దున బస్సుకే వెళ్ళాను. చివరి వరసలో, కిటికీ పక్కన, ఆవిడ చోటులో కూర్చున్నాను. నా పక్కన కెజియా, దాని పక్కన వాళ్ళమ్మ, టీచర్ గారి చెల్లెలు, అమ్మ, ఇంకా కొందరు. కరస్పాండెంట్ గారు తెల్ల చొక్కాలో, ఎప్పటి నడకతో, నిండు పళ్ళెం పట్టుకుని వచ్చి వరస మొదట్లో అందించారు. అది చేతులు మారింది. ఎవరూ తీసుకోలేదు. నా దగ్గరికి వచ్చాక నేను రెండు చేతులతో అందుకుని, ఆవిడ అందించినట్టే, వెనక్కి అందించాను. గ్లాసుల పళ్ళెం కూడా అంతే. మగవాళ్ళ వైపు నాన్న కూర్చున్న వరసలోంచి కూడా అలాగే తిరిగొచ్చింది.

పళ్ళేలు మామూలుగా తేలిగ్గా తిరిగొస్తాయి. ఆ బరువు ఆయన చేతులకి అలవాటు. ఆ రోజు మా వరస మొదట్లో నిలబడి, నిండుగా వచ్చిన పళ్ళేన్ని పట్టుకుని, ఎటు వెళ్ళాలో తెలియనట్టు ఒక్క క్షణం ఆగారు. కిటికీలోంచి పడ్డ ఎండలో చిన్న గ్లాసులన్నీ అంచుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఒకదానికొకటి తగిలి సన్నగా చప్పుడు చేస్తున్నాయి.